నలభై రోజుల ఫ్రెంచి వ్రతం

ఆ సోమవారం పొద్దున శరణ్య మూడు పనులు పెట్టుకుంది: స్నానం, ఇడ్లీ, 'ఉండు' అనే ఫ్రెంచి క్రియ. మొదటి రెండూ ఆరున్నరకల్లా అయిపోతాయి. మూడోదానికి ఆరు రూపాలున్నాయి కనుక అది ఏడింటిదాకా సాగవచ్చని ఆమె అంచనా. అంచనాలో తప్పేమీ లేదు. ఏ ఏడింటిదాకా అన్నదే ఆమెకు తెలియదు.

అది 1996. దక్షిణాఫ్రికా అప్పుడే కొత్తగా ప్రజాస్వామ్యమై, పదకొండు భాషలను అధికార భాషలుగా గుర్తించి, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోండని బల్ల మీద పరిచింది. తణుకు నుంచి డర్బన్ దగ్గరి ఉమ్‌కోమాస్‌కు కాపురానికొచ్చి ఐదు నెలలైన శరణ్య ఆ పదకొండింటినీ వదిలేసి పన్నెండోది పట్టుకుంది. ఎందుకంటే మారిషస్‌లో ఫ్రెంచి మాట్లాడతారు. మారిషస్ ఎందుకంటే, శ్రవణ్ ఆమెను అక్కడికి తీసుకువెళతానని పెళ్ళిపీటల మీద మాటిచ్చాడు.

శ్రవణ్ కాగితపు గుజ్జు మిల్లులో ఇంజనీరు. ఆ ప్రయాణం అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి శరణ్యకు ఆటలమ్మ పోసింది, ఒకసారి శ్రవణ్ మేనేజరు మోకాలికి ఆపరేషను జరిగింది. ఇది మూడోసారి. సరిగ్గా నలభై ఒకటో రోజు, శనివారం, మధ్యాహ్నం రెండు గంటలకు డర్బన్‌లో విమానం. అది తప్పితే మిల్లు వార్షిక మరమ్మతులు మొదలవుతాయి, మళ్ళీ సెలవు వచ్చే ఏడాదే. డర్బన్ పాత పుస్తకాల కొట్టులో దొరికిన ఫ్రెంచి వ్యాకరణంలో నలభై పాఠాలున్నాయి. రోజుకొకటి. శరణ్య దాన్ని శుభసూచకంగా భావించి, ఆ రోజు పాయసం చేసింది. ఆ ఐదు నెలల్లో ఆమె అప్పటికి పాయసం చేయడానికి ఇరవై రెండు కారణాలు కనిపెట్టింది.

మార్కుల కోసం ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్న లక్షలాది తెలుగు పిల్లల్లో ఆమె ఒకతె. ఆ రెండేళ్ళలో సంస్కృతం రాలేదు గాని, అర్థంతో నిమిత్తం లేకుండా విభక్తులను రాగం తీసి బట్టీపట్టే విద్య మాత్రం బాగా పట్టుబడింది. ఫ్రెంచి క్రియలను కూడా ఆమె అదే రాగంలో పెట్టింది. "జె స్వీ, తు ఎ, ఇల్ ఎ" అంటూ పెరట్లో బట్టలారేసే కంబం చుట్టూ తిరిగింది. సముద్రపు గాలికి జలుబు చేస్తుందని తలకు తువ్వాలు చుట్టుకుంది. గాలి మిల్లు వైపు నుంచి తిరిగితే ఊరంతా ఉడికిన క్యాబేజీ వాసన వేస్తుంది కనుక చేతిలో రెండు అగరొత్తులు పట్టుకుంది.

ఇంట్లో వస్తువులన్నింటికీ లింగభేదం ఉందని రెండో పాఠంలో తెలిసి ఆమె పొంగిపోయింది. స్త్రీలింగాలకు గులాబీ చీటీలు, పుంలింగాలకు నీలం చీటీలు రాసి అంటించింది. సాయంత్రం శ్రవణ్ వచ్చేసరికి ఇల్లంతా పెళ్ళివారిల్లులా ఉంది.

"కుర్చీ ఆడదా?" అన్నాడతను, కూర్చోబోయి ఆగి.

"ఆడదే. మంచం మగది."

"మరి నాకు చీటీ లేదే?"

"మీకెందుకండీ, మీరు నాకు గుర్తుంటారుగా," అంది శరణ్య. శ్రవణ్ ఆ మాట రెండు రోజులు మిల్లులో తలుచుకుని తలుచుకుని నవ్వుకున్నాడు. మూడో రోజు సూపర్‌వైజరు అతన్ని కంటి డాక్టరుకు చూపించుకోమన్నాడు. నవ్వి నవ్వి అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

ఏడో రోజు పాఠం పూర్తవుతుండగా కంచె మీదుగా ప్రేమీ ఆంటీ చెయ్యి ఊపింది.

ప్రేమీ ఆంటీ పక్కింటావిడ. ఆమె ముత్తాత గోదావరి దగ్గరి ఏదో ఊరి నుంచి చెరకు నరకడానికి ఓడెక్కి వచ్చాడు. ఊరి పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. నాలుగు తరాలలో వాళ్ళింట్లో తెలుగు కరుగుతూ కరుగుతూ వచ్చి చుట్టరికాలు, కూరల పేర్లు, తిట్లు, భజనలు మిగిలాయి. తక్కినదంతా ఇంగ్లీషు. కొత్త దంపతులు దిగిన రోజున బీన్స్ కూర, రెండు పొయ్యిల స్టవ్వు, దుప్పట్లు తెచ్చి పెట్టింది ఆవిడే. ఉమ్‌కోమాస్‌లో శరణ్యకు తల్లి తర్వాత తల్లి.

ఆ తల్లి కళ్ళలో ఆ రోజు నీళ్ళున్నాయి.

"మై గర్ల్, ఇట్లా రా. మా అత్త లేచింది!"

ప్రేమీ అత్తగారు అంబీ అవ్వ. ఎనభై రెండేళ్ళు. నాలుగు నెలలుగా మంచం దిగలేదు, మాట్లాడలేదు. జబ్బేమీ లేదనే డాక్టర్లు అన్నారు. జబ్బు లేకపోతే మందు ఎలా ఇస్తారు?

"లేచి ఏమన్నారండీ?"

"టీ అడిగింది. చక్కెర తక్కువయిందని నన్ను తిట్టింది. నాలుగు నెలలయింది మై గర్ల్, ఆమె నన్ను తిట్టి!" ప్రేమీ చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అంతా నీ ప్రేయర్ పవర్."

"నా ప్రేయరా?"

"రోజూ తెల్లారి స్నానం చేసి, తల మూసుకుని, అగరొత్తి పట్టుకుని చుట్టూ తిరుగుతావు కదా. మా అత్త మంచం మీంచే కిటికీకి చెవి పెట్టి వింటా ఉంటది. మా అమ్మమ్మ కూడా అట్లాంటిదే చదివేది. సేమ్ రాగం."

శరణ్య నోరు తెరిచింది. అది ఫ్రెంచి అని చెప్పడానికి అర నిమిషం చాలు. కాని ఫ్రెంచి అంటే ఎందుకంటుంది. మారిషస్ అంటే అక్కడేం పనంటుంది. అక్కడ పని పేరు హనీమూన్. పెద్దవాళ్ళ ముందు ఆ మాట శరణ్య జీవితంలో అనలేదు. మొగుడి ముందే 'ఆ ట్రిప్పు' అంటుంది.

"ఏదో... రోజూ కాస్త చదువుకుంటున్నానండీ," అంది. అందులో అక్షరం అబద్ధం లేదు.

"ఎన్ని రోజులు?"

"నలభై."

ప్రేమీ గుండె మీద చెయ్యి వేసుకుంది. "యో! ఫుల్ మండలం!"

మర్నాటి నుంచి కథ శరణ్య చేతిలో లేదు. పదో రోజుకు కంచె అవతల ముగ్గురు ఆడవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పద్నాలుగో రోజుకు పదకొండు మంది కంచె ఇవతలకు వచ్చి, మడత కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. కొబ్బరికాయలు వచ్చాయి, అరటి గెలలు వచ్చాయి, బంతిపూల దండ వచ్చి కంబానికి పడింది. బట్టలు ఆరేయడం కుదరక శ్రవణ్ తడి కాలర్లతో మిల్లుకు వెళ్ళాడు. పాఠం ఆపుదామా అంటే మారిషస్ దగ్గరపడుతోంది. లోపల చదువుదామా అంటే, బయట ఒకావిడ నడుము నొప్పితో కాచుకుని ఉంది. శరణ్య ఆవిడ కోసం భవిష్యత్ కాలం రెండుసార్లు చదివింది. ఆవిడకు కాస్త నయమనిపించింది.

తర్వాత చీటీల మీద పడ్డారు. ప్రేమీ భర్త ఎరాల్ అంకుల్ ఒక గులాబీ చీటీ అడిగి తీసుకుని తన బక్కీ అద్దానికి అంటించుకున్నాడు. ఆ ట్రాలీ బండి ముందు రోజే బ్రేకు పడక చెరకుతోటలోకి దిగింది. ఫ్రెంచివాళ్ళకు కారు స్త్రీలింగం కనుక వ్యాకరణరీత్యా అందులో దోషం లేదు. వారంలోగా శరణ్య ఇంట్లో లింగం తెలియని వస్తువులు పద్దెనిమిది మిగిలాయి.

అవ్వ మాత్రం రోజూ కిటికీ దగ్గర హాజరు. అప్పుడప్పుడూ చేతికర్రతో కిటికీ చెక్కను ఠప్పున కొట్టేది. భక్తికొద్దీ తాళం వేస్తోందని ప్రేమీ అందరికీ చెప్పింది.

"చెప్పేద్దామండీ," అంది శరణ్య ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ.

"చెప్పేయ్."

"మీరు చెప్పండి. మీరు మగవాళ్ళు, ఎరాల్ అంకుల్‌తో చెప్పొచ్చు."

శ్రవణ్ మర్నాడు పొద్దున్నే పక్కింటికి వెళ్ళి గంట తర్వాత చేతిలో లడ్డూల డబ్బాతో తిరిగివచ్చాడు.

"చెప్పారా?"

"మొదలుపెట్టాను. 'అంకుల్, ఆ చదివేది...' అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, 'నీ పెళ్ళాం మా అమ్మను బతికించింది' అని ఏడ్చాడు. మగాడు ఏడుస్తుంటే ఫ్రెంచి అని ఎలా చెప్పను?"

"మరి ఈ లడ్డూలు?"

"నాకూ ఏడుపొచ్చింది. అందుకిచ్చారు."

పద్దెనిమిదో రోజున పెర్సీ నాయుడు టేప్ రికార్డరుతో వచ్చాడు. ఆయన స్థానిక తెలుగు సభకు అధ్యక్షుడు. ఎప్పుడూ టై కట్టుకునే ఉంటాడు. సభవాళ్ళెవరికీ తెలుగు చదవడం రాదు. తాతల నాటి భజనలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన కాగితాల మీదే బతుకుతున్నాయి. అర్థాలు దారిలో ఎక్కడో రాలిపోయాయి, రాగాలు నిలిచాయి. అందువల్ల ఒక కొత్త ప్రార్థనకు అర్థమేమిటని అడగాలన్న ఆలోచన వాళ్ళలో ఎవరికీ రాలేదు. అది వాళ్ళ మర్యాద.

"సిస్టర్, మీరు మామూలుగా చదవండి. నేను రికార్డ్ చేసుకుంటా," అన్నాడు.

శరణ్య మామూలుగానే చదివింది. 'ఉండు', 'వెళ్ళు', 'తిను' క్రియలు, చివర 'పిల్లి బల్ల మీద ఉంది' అనే అభ్యాసం. పెర్సీ కళ్ళు మూసుకుని విన్నాడు. పిల్లి దగ్గర ఆయన చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

మూడు రోజుల్లో టేపు విని టైపు చేసిన నూట యాభై ప్రతులు తయారయ్యాయి. పైన ఓంకారం, కింద పువ్వుల బోర్డరు, మధ్యలో వర్తమాన కాలం.

"ఫార్టీ ఫస్ట్ డే శనివారం పడింది సిస్టర్. హాల్ బుక్ చేసేసినా. పది గంటలకు గ్రాండ్ ముగింపు. పోర్ట్ షెప్‌స్టన్ నుంచి కూడా వస్తరు."

శరణ్య మనసులో లెక్క వేసింది. విమానం రెండింటికి. పన్నెండుకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. దారికి ముప్పావు గంట.

"గంటలో అయిపోతుందాండీ?"

"గంటలోనా?" పెర్సీ నవ్వాడు. "గంటలో మావాళ్ళు చెప్పులు విడవడం కూడా అవదు సిస్టర్."

ఆ తర్వాతి మూడు వారాలూ శరణ్య ప్రతి రోజూ చెప్పాలనుకుంది. ప్రతి రోజూ ప్రేమీ ఏదో ఒక గిన్నె పట్టుకుని వచ్చింది. గిన్నె అందుకున్నాక నిజం చెప్పడం తణుకు మర్యాద కాదు. గిన్నె ఖాళీగా తిరిగివ్వడం కూడా కాదు కనుక శరణ్య అందులో పాయసం పోసి ఇచ్చేది. దాన్ని ప్రసాదమని ఊళ్ళో పంచిపెట్టారు.

శనివారం వచ్చింది. శ్రవణ్ సూట్‌కేసులు కారు డిక్కీలో పెట్టి, హాలు గుమ్మానికి సూటిగా కారు నిలిపాడు. లోపల నూట అరవై మంది. వేదిక మీద పట్టుచీరలో శరణ్య, పక్కన మైకు. ముందు వరసలో అంబీ అవ్వ, మంచం దిగాక కుట్టించుకున్న కొత్త జాకెట్టుతో. పెర్సీ స్వాగతం పలికాడు. పోర్ట్ షెప్‌స్టన్ నుంచి వచ్చినాయన ఆ స్వాగతానికి జవాబు చెప్పాడు. పెర్సీ ఆ జవాబుకు కృతజ్ఞతలు చెప్పాడు. పదకొండూ పది.

అప్పుడు హాలంతా కాగితాలు పట్టుకుని లేచింది. హార్మోనియం మోగింది. నూట అరవై కంఠాలు ఒక్కసారిగా అందుకున్నాయి: "జె స్వీ, తు ఎ, ఇల్ ఎ..." శరణ్య చెవులు రిక్కించి విన్నది. తన కంటే వాళ్ళే బాగా చదువుతున్నారు. వెనక వరస ఆడవాళ్ళు బహువచనం దగ్గర రెండో కాలం అందుకుని పాట వేగం పెంచారు.

ఠప్పున కర్ర నేలకు తగిలింది. ఇంకోసారి తగిలింది. హార్మోనియం ఆగింది.

"ఆపండర్రా!" అంది అంబీ అవ్వ లేచి నిలబడి. "ఇంతమంది కలిసి అదే తప్పా?"

"ఏం తప్పు అత్తా?" అంది ప్రేమీ భయంగా.

"ఇది ప్రేయరు ఎవురు చెప్పినారు? ఇది ఫ్రెంచి."

ముందు వరసవాళ్ళు చేతుల్లోని కాగితాలు తిరగేసి చూసుకున్నారు.

"నేను ముప్పై ఏండ్లు చెరుకు దొరల బంగళాలో ఆయాగా చేసినా. మారిషస్ నించొచ్చిన తెల్లదొరలు. ఆ ఇంట్లో కుక్క కూడా ఫ్రెంచిలోనే మొరిగేది. నాకు తెలవదా?" అవ్వ కర్రతో శరణ్యను చూపించింది. "నా ముసిలోడు పోయినాడు, నా ఈడోళ్ళంతా పోయినారు. నేనూ నిమ్మళంగా పోదామని పడుకున్నా. ఈ పిల్లొచ్చి తెల్లారగట్ల నా కిటికీ కింద తప్పులు చదవతా ఉంది. ఒక రోజు ఓర్చుకున్నా. ఐదు రోజులు ఓర్చుకున్నా. ఆ తప్పులు ఇనుకుంటా మనిషి ఎట్లా చస్తది?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది ప్రేమీ.

"ఎందుకు చెప్పాలి? రోజూ జనం వస్తా ఉండారు, లడ్డూలు తెస్తా ఉండారు. మీ పెండ్లిలో కూడా నన్ను ఇంతమంది పలకరించలేదు."

పెర్సీ చేతిలోని కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఆయన టై సర్దుకుని, వేదిక ఎక్కి, మైకు శరణ్య ముందు పెట్టాడు.

"సిస్టర్. ఇది ఫ్రెంచా?"

"అవునండీ."

"ఎందుకు?"

గోడ గడియారంలో పదకొండూ ఇరవై. గుమ్మంలో శ్రవణ్ కారు తాళాలు పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ప్రేమీ ఆంటీ తల వంచుకుని కాగితాన్ని నాలుగు మడతలు పెడుతోంది. ఇక్కడ ఇంకొక అరగంట నీళ్ళు నమిలితే విమానం పోతుంది. అబద్ధమాడితే, ఆ మడతలు పెడుతున్న మనిషి ముఖంలోకి మళ్ళీ చూడడం తనవల్ల కాదు. శరణ్య కళ్ళు గట్టిగా మూసుకుంది.

"హనీమూన్‌కండీ!"

హాలు కట్టినప్పటి నుంచి ఆ మైకు ఏనాడూ సరిగ్గా పనిచేసి ఎరగదు. ఆ రోజు పనిచేసింది. ఎదురుగా ఉన్న పెట్రోలు బంకులో ఇద్దరు తలలు తిప్పి చూశారు.

"మారిషస్‌కండీ," అంది శరణ్య, ఇక మొదలుపెట్టాక ఆగక. "ఇప్పటికి రెండుసార్లు తప్పిపోయింది. పెద్దవాళ్ళ దగ్గర ఆ మాట అనడానికి సిగ్గేసి చెప్పలేకపోయాను. అందరూ ఇంత ప్రేమగా వస్తుంటే ఆ తర్వాత అసలే చెప్పలేకపోయాను. తప్పు నాది. ప్రేమీ ఆంటీది కాదు."

ప్రేమీ కాగితం మీది నుంచి తలెత్తింది. నడుము మీద చేతులు పెట్టుకుంది.

"విమానం ఎన్నింటికి?"

"రెండింటికండీ. పన్నెండుకే వెళ్ళాలి."

"యో! పిచ్చి మొద్దూ! ముందే నోరు తెరిచి ఏడవద్దా!" అని ప్రేమీ తనకు మిగిలిన తెలుగంతా ఒక్క ఊపిరిలో ఖర్చు పెట్టింది. "ఎరాల్! బక్కీ తియ్యి! ఏయ్ పెర్సీ, ఆ కుర్చీలు జరుపు!"

హాలు మొత్తం లేచింది. గంటలో విడవలేని చెప్పులు నిమిషమున్నరలో తొడిగారు. ముందు గులాబీ చీటీ అంటించిన బక్కీ లైట్లు వేసుకుని, హారను మోగించుకుంటూ బయల్దేరింది. దాని వెనక శ్రవణ్ కారు, కారు వెనక పద్నాలుగు కార్లు, చివర పోర్ట్ షెప్‌స్టన్ బస్సు. పెళ్ళి ఊరేగింపనుకుని దారిలో ట్రాఫిక్ పోలీసు అన్ని బళ్ళనూ ఆపి వీళ్ళకు దారిచ్చాడు. ఎవరూ పిలవకుండానే కారు వెనక సీటులో ఎక్కి కూర్చున్న అంబీ అవ్వ, డర్బన్‌దాకా శరణ్య చేత నలభై పాఠాలూ అప్పజెప్పించుకుంది. తప్పు వచ్చినప్పుడల్లా డ్రైవరు సీటును కర్రతో కొట్టింది. శ్రవణ్ ఆ దెబ్బలకు ప్రతిసారీ ఇంకాస్త వేగం పెంచాడు. అందుకే పన్నెండుకు రెండు నిమిషాల ముందే చేరారు.

మారిషస్‌లో ఎనిమిది రోజులున్నారు. మొదటి సాయంత్రం శరణ్య హోటల్ వెయిటరును ఫ్రెంచిలో రెండు కాఫీలు అడిగింది. అతను ఇంగ్లీషులో జవాబిచ్చి రెండు కాఫీలు తెచ్చాడు. రెండే తెచ్చాడని ఆమె ఆ రాత్రంతా మురిసిపోయింది. శ్రవణ్ ఆమెను చూసి మురిసిపోయాడు. సముద్రం చూడడం వాళ్ళకు మూడో రోజున గాని వీలుపడలేదు.

తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున్న ఆరున్నరకు శరణ్య కిటికీ తెర తీసింది. ప్రేమీ పెరట్లో ముప్పై మంది తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని అక్కడి బట్టల కంబం చుట్టూ తిరుగుతున్నారు. మధ్యలో కుర్చీ వేసుకుని అంబీ అవ్వ కూర్చుంది. ఒళ్ళో కర్ర, పక్కన లడ్డూల పళ్ళెం. పెర్సీ నాయుడు టైతోనే తిరుగుతున్నాడు.

"ఆంటీ, ఇది ఫ్రెంచి అని తెలిశాక కూడానా?" అంది శరణ్య కంచె దగ్గరకు పరిగెత్తి.

ప్రేమీ బదులు పెర్సీ జవాబు చెప్పాడు. "సిస్టర్, మా దగ్గర ఉన్న ప్రేయర్లలో దేనికి మాకు అర్థం తెలుసు? చెప్పేవాళ్ళంతా పోయినారు. దీనికి అర్థం చెప్పే మనిషి ఒకరు ఇంకా ఉన్నారు. ఆ మనిషి లేచి కూర్చున్నారు. ఇంకేం ప్రూఫ్ కావాలి?"

శరణ్యకు కావలసిన ప్రూఫ్ ఏమీ లేదు. ఆమె లోపలికి వెళ్ళి తువ్వాలు తెచ్చుకుని వరసలో చేరింది.

ఆ నెలాఖరున సభ కమిటీ సమావేశమై, మామూలు జలుబుకు వర్తమాన కాలం సరిపోతుందని, భూతకాలాన్ని పెద్ద జబ్బులకు మాత్రమే వాడాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.